కొసరు ముక్క

గ్రాముగారి అసలు పేరు ఆ వీధిలో చాలామందికి తెలియదు. నలభై ఏళ్ళుగా ఒకే మూల మీద మాంసం కొట్టు నడుపుతున్న మనిషి. అరకిలో అడిగితే ఆయన కత్తి అరకిలో దగ్గరే ఆగుతుంది. కాటా మీద పెట్టేది కొనేవాళ్ళ తృప్తి కోసమే. ఒకసారి ఎవరో పంతం పట్టి పదిసార్లు కోయించి తూయించారట. పదింటిలో ఒక్కసారి ముల్లు కాస్త అటు ఊగిందట, అదీ ఫ్యాను గాలికేనట. ఈ ఫ్యాను సంగతి చెప్పేది గ్రాముగారే కాబట్టి కొంచెం తరుగు తీసి నమ్మాలి.

చేతికి అంత పనితనం ఇచ్చిన దేవుడు, నోటి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వెనక్కి లాగేసుకున్నాడు. ఎవరైనా మేలు చేస్తే గ్రాముగారి గొంతులో ఏదో అడ్డం పడుతుంది. దగ్గుతారు, మెడ గోక్కుంటారు, వాతావరణం గురించి ఒక మాట అంటారు, అంతే. ఆయనకు తెలిసిన కృతజ్ఞత ఒక్కటే, కొసరు. తూకం అయిపోయాక, పొట్లం కట్టేముందు, అందరికీ వేసే చిన్న ముక్క కాకుండా పైన ఒక మంచి ముక్క వేయడం. కొడుకుని టైఫాయిడ్ నుంచి గట్టెక్కించిన డాక్టరుకు కొసరు. వాడికి లెక్కలు వంటబట్టించిన టీచరుకు కొసరు. వాన రోజున గొడుగిచ్చిన పొరుగాయనకు ఏడాది పొడుగునా కొసరు. చెప్పాల్సిందంతా ఆ ముక్కే చెప్పేసేది కాబట్టి ఆయన నోరు విప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

అలాంటి మనిషికి అందరికంటే పెద్ద మేలు చేసింది ఎవరయ్యా అంటే, కోడలు. ఆ కోడలు మాంసం ముట్టదు.

సంగతేమిటంటే, గ్రాముగారు కొట్టు బోర్డు మీద బల్బు మార్చడానికి స్టూలెక్కి, స్టూలుతో సహా కింద పడ్డారు. కుడి భుజం విరిగింది. మూడు నెలలు కత్తి పట్టుకోకూడదని డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. భార్యకు మోకాళ్ళ నొప్పులు, పావుగంట నిలబడితే చాలు కుర్చీ వెతుక్కుంటుంది. కొడుకు దూరప్రాంతాల బస్సు తోలుతాడు, వారానికి రెండు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. మూడు నెలలు తలుపులు మూస్తే ఇక కొట్టు సంగతి మరిచిపోవచ్చు. పెద్ద రోడ్డు మీద కొత్త దుకాణం అప్పటికే అద్దాలు, ఏసీలు పెట్టుకుని కూర్చుంది. మంచం చుట్టూ చేరి అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటూ ఉంటే కోడలు అంది.

"కాటా దగ్గర నేను నిలబడతాను మామయ్యా."

బజారుకి వెళ్ళి ఉల్లిపాయలు తెస్తానన్నంత మామూలుగా అంది. ఆ అమ్మాయి పనిచేసేది కళ్ళజోళ్ళ దుకాణంలో. కళ్ళు పరీక్ష చేసి అద్దాలు బిగించడం ఆమె పని. మూడు నెలలు సెలవు అడిగి వచ్చింది.

ఈ అమ్మాయికి మాంసం వాసన సరిపడదు. మొక్కూ లేదు, పట్టింపూ లేదు. చిన్నప్పటినుంచి అంతే. పెళ్ళయి ఈ ఇంటికొచ్చి నాలుగేళ్ళు. ఇంట్లో మాంసం వండిన రోజున తన పళ్ళెం పట్టుకుని వెళ్ళి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంటుంది. మొదట్లో అందరికీ అదోలా ఉండేది, తర్వాత అలవాటైపోయింది, రానురాను మాంసం లేని రోజున కూడా అక్కడే కూర్చునేది. ఆ కుర్చీకి 'కోడలి కుర్చీ' అని పేరు కూడా వచ్చేసింది.

అలాంటి పిల్ల మూడు నెలలు మాంసం కొట్లో నిలబడింది. పెద్ద మార్కెట్టు నుంచి కోతమనిషి ఒకడు పొద్దున్నే వచ్చి, కోయాల్సింది కోసిపెట్టి వెళ్ళిపోయేవాడు. మిగతా పనంతా కోడలిదే. ముక్కు కింద అమృతాంజనం లాంటిదేదో పూసుకుని, తూచి, పొట్లాలు కట్టి, నవ్వుతూ అందించేది. "తూకం అయ్యాక కొన్నవాళ్ళందరికీ చిన్న ముక్క ఒకటి కొసరు వెయ్యాలమ్మా, అది మన కొట్టు మర్యాద" అని గ్రాముగారు మొదటి రోజే చెప్పారు. ఒక్కరికి కూడా మరిచిపోకుండా వేసింది. సాయంత్రం వేణ్ణీళ్ళు, ఉప్పు పోసి, మాంసం కొట్టే మొద్దుని బ్రష్షుతో రుద్ది రుద్ది కడిగేది. ఇంటికొచ్చి స్నానం చేశాకే ఎవరితోనైనా మాట్లాడేది. ఒక్కనాడు మొహం చిట్లించలేదు, ఒక్క మాట అనలేదు.

ఒకరోజు గ్రాముగారు చేతికి కట్టుతోనే కొట్టు దాకా నడిచి వెళ్ళారు. లోపలికి అడుగు పెట్టబోతూ ఆగారు. అప్పుడే ఒకాయన పొట్లం తీసుకుని వెళ్ళాడు, ఇంకొకావిడ వస్తోంది. ఆ మధ్యలో దొరికిన నాలుగు క్షణాల్లో కోడలు గోడ వైపు తిరిగి, నుదురు గోడకి ఆనించి, రెండుసార్లు గట్టిగా ఊపిరి పీల్చుకుంది. ఇటు తిరిగేసరికి మళ్ళీ నవ్వు మొహమే. "ఎంత కావాలండీ?" అని అడిగింది. గ్రాముగారు లోపలికి వెళ్ళలేదు. వచ్చిన దారినే ఇంటికి వెళ్ళిపోయారు.

ఆ రోజు నుంచీ ఆయన మనసులో ఒకటే కుమ్ములాట. ఈ పిల్లకి కొసరు ఎలా వెయ్యాలి? నోటితో చెప్పడం మన వల్ల కాదు. చేత్తో ఇవ్వగలిగిందేమో ఆమె ముట్టదు. ఒకటో తారీకున మళ్ళీ తన కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళిపోతుంది. ఆలోపు ఏదో ఒకటి చెయ్యకపోతే, ఇక జన్మలో చెయ్యలేనని ఆయనకు గట్టిగా అనిపించింది.

దారి చూపించింది పక్క కొట్టు రొట్టెలాయన. ఒక మధ్యాహ్నం పొయ్యిలు చల్లారాక పిలిచి, రొట్టె ముక్కల మధ్య ఏదో పెట్టి ఇచ్చాడు. "ఇందులో ఉన్నదేంటో చెప్పు చూద్దాం" అన్నాడు.

గ్రాముగారు కళ్ళు మూసుకుని నమిలారు. "కోడి. తొడ. వయసు మళ్ళిన కోడి, ఉడకడం కూడా ఎక్కువైంది" అని తీర్పు చెప్పేశారు.

రొట్టెలాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "పిండయ్యా, పిండి! నేను రొట్టెలకి వాడే పిండే. ముద్ద కలిపి నీళ్ళలో పిసుకుతూ కడిగితే తెల్లదంతా పోయి జిగురు మిగులుతుంది. మా అక్కయ్య చేసింది."

నలభై ఏళ్ళ అనుభవం గాలి తీసేసినట్టయింది గ్రాముగారికి. మిగిలిన ముక్కని వేళ్ళతో చీల్చి చూశారు. ఆ తర్వాత ఆయన కళ్ళు వెలిగాయి. మాంసమే, కానీ మాంసం కాదు. కోడలి పళ్ళెంలో వెయ్యగలిగిన కొసరు దొరికింది!

కొట్లో కోడలు ఉంటుంది, ఇంట్లో చేస్తే గుట్టు దాగదు. అందుకని మధ్యాహ్నాలు రొట్టెలాయన వెనకగదిలో పని మొదలుపెట్టారు. చేతి కట్టు విప్పిన రోజునే మొదటిసారి కూర్చున్నారు, అంత ఆత్రం. పిండి ముద్ద కలిపి, కాసేపు నాననిచ్చి, బేసిన్లో నీళ్ళు పోసి పిసకడం. నీళ్ళు పాలలా తెల్లబడితే పారబోసి కొత్త నీళ్ళు పోయడం. ఆ రోజు వచ్చింది చూస్తే అసహ్యం వేసింది. చింపిరి గుడ్డలా, ఒకచోట గట్టిగా, ఒకచోట మెత్తగా, ఉడకబెడితే ఉబ్బి వంకరపోయిన ముద్ద. ఇటు మాంసమూ కాదు, అటు రొట్టే కాదు. దాన్ని కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చి, వంటింట్లో భార్య ముందు పడేశారు.

"ఇదేంటండీ?"

"ఏదీ కాదు. పారెయ్యి" అని వెళ్ళి పడుకున్నారు.

అయితే గ్రాముగారు ఒక్క ఓటమికి కత్తి కింద పెట్టే రకం కాదు. మర్నాటి నుంచి తన విద్యంతా బయటికి తీశారు. ఏడు నీళ్ళు మార్చి, ఎనిమిదోది అద్దంలా ఉండేదాకా కడిగారు. మిగిలిన జిగురుని ఒకే దిక్కుగా లాగి, తాడులా మెలిపెట్టి మడిచారు, నార ఒకవైపే నడవాలని. పెద్ద ముక్కల్ని పురికొసతో ఎలా బిగించి కడతారో దీన్నీ అలాగే కట్టారు. నీళ్ళు తెర్లితే ఉబ్బి స్పాంజి అవుతుందని రెండోసారే తెలిసింది కాబట్టి, సన్నటి సెగ మీద గంటన్నర ఉంచారు. పుట్టగొడుగులు ఉడికించిన నీళ్ళు రుచి కోసం. బీట్‌రూట్ రసం రంగు కోసం. పేరుకున్న కొబ్బరినూనెలో పిండి కలిపి పొరల మధ్య సన్నటి తెల్లగీతలు, కొవ్వు కోసం. పైన ఒక అంగుళం మందాన అదే కొవ్వు టోపీ. ఉడికాక ఒక రోజంతా ఫ్రిజ్‌లో పెట్టి బిగుసుకోనిచ్చారు. కుదిరిన ప్రతి కొలతా పొట్లాలు కట్టే కాగితం మీద పెన్సిలుతో రాసుకున్నారు. కుదరనివి మాత్రం రాసుకోలేదు, చెడిపోయినవాటి జాతకం ఎవరు రాసుకుంటారు?

మూడో వారానికి తయారైనదాన్ని చూసి రొట్టెలాయన నోరు వెళ్ళబెట్టాడు. చివరి పరీక్షగా గ్రాముగారు దాన్ని కోతమనిషికి చూపించారు. అతను బొటనవేలితో నొక్కి, పక్కకి తిప్పి, "బాగుందయ్యా, ఏ మంద నుంచి తెచ్చావు?" అని అడిగాడు. గ్రాముగారు ఆ రోజంతా మీసం మీద చెయ్యి తియ్యలేదు.

ఒకటో తారీకుకి ముందొచ్చిన ఆదివారం భోజనాల వేళ, భార్య, కొడుకు బల్ల దగ్గర కూర్చున్నారు. కోడలు అలవాటు కొద్దీ కిటికీ వైపు వెళ్ళబోతుంటే గ్రాముగారు ఆపారు.

"ఇవాళ ఇక్కడే కూర్చోమ్మా. నీకోసం ఒకటి చేశాను. మాంసం కాదు. వట్టి గోధుమపిండి."

కోడలు ఆశ్చర్యపోయి, సంతోషంగా కూర్చుంది. గ్రాముగారు మూత తీసి, పురికొస తెంపి, పెద్ద కత్తి తీసుకున్నారు. మూడు నెలల తర్వాత పట్టిన కత్తి. మొదటి ముక్క పక్కకి ఒరిగింది. నార నారగా, మధ్యలో తెల్లటి కొవ్వు గీతలతో, లోపల ఎర్రగా. పళ్ళెం అంచుదాకా ఎర్రటి రసం జారింది. ఇంతకంటే బాగా ఎవరూ చెయ్యలేరు. కొసరు కింద ఇంకో ముక్క కోసి కోడలి పళ్ళెంలో పెట్టి, ఆయన ఆమె మొహంలోకి చూశారు.

ఆ మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"మామయ్యా, ఇది నిజంగా..."

"పిండేనమ్మా! ఒట్టు!"

ఆ అమ్మాయి మంచిది. మామగారి మాట తీసెయ్యలేక ఒక ముక్క తీసుకుంది. నోటిదాకా తెచ్చింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. ముక్క కింద పెట్టేసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పెరటి గుమ్మంలోకి పరిగెత్తింది.

ఎవరూ కదల్లేదు. సంగతి ఇంకా బుర్రకెక్కని కొడుకు మాత్రం నములుతూ, "నాన్నా, ఇది పిండంటే మా డిపోలో ఒక్కడు కూడా నమ్మడు" అన్నాడు. తల్లి అతని వైపు ఒక చూపు చూసింది. నమలడం ఆగిపోయింది.

"మూడు నెలలు ముక్కు మూసుకుని తూచిందాన్నే తెచ్చి పళ్ళెంలో పెట్టారు" అంది భర్తతో, కోపం లేకుండా, జాలిగా.

గ్రాముగారి చేతిలో కత్తి అలాగే ఉండిపోయింది. మాంసం కొట్టువాడు కాబట్టే ఈ తప్పు చేశానని ఆయనకు అర్థమైంది. ఇంకెవరైనా అయితే ఇంత బాగా చేయగలిగేవాళ్ళు కాదు. నాలుగేళ్ళకి బల్ల దగ్గర కూర్చున్న పిల్లని తన చేత్తోనే లేపేశారు. ఇక ఆ కుర్చీ కిటికీ దగ్గర్నుంచి కదలదేమో అనిపించి ఆయన గుండె బరువెక్కింది.

కాసేపటికి పెరటి మెట్ల దగ్గరికి వెళ్ళారు. కోడలు మొహం కడుక్కుని మెట్టు మీద కూర్చుని ఉంది. ఆయన్ని చూడగానే లేవబోయింది.

"కూర్చో, కూర్చో" అని ఆయనా పక్క మెట్టు మీద కూలబడ్డారు.

"తప్పుగా అనుకోకండి మామయ్యా. మీరు ఎంత కష్టపడ్డారో చూస్తేనే తెలుస్తోంది."

"నీకు లేనిది పెడదామనుకున్నాను" అన్నారు ఆయన నేల చూపులు చూస్తూ.

"అక్కడే ఉంది చిక్కు. నేనేం మాంసానికి మొహం వాచి లేను కదా!" కోడలు నవ్వేసింది. "మీరందరూ నాకేదో తక్కువైందని జాలిపడతారు. నాకేం తక్కువ కాలేదు. దాన్ని అంత అచ్చంగా చేస్తే నాకు కొట్లో మొద్దే గుర్తొచ్చింది. అసలు ఎందుకింత తంటాలు పడ్డారు?"

గ్రాముగారు నీళ్ళు నమిలారు. దగ్గారు. మెడ గోక్కున్నారు. "ఎండ తగ్గింది ఇవాళ" అన్నారు.

కోడలు ఆయన్ని ఓదార్చాలనుకుందో ఏమో, "పిండితోనే చెయ్యాలంటే, ఒకరోజు అత్తయ్య పిండి ముక్కలేవో వేయించింది మామయ్యా. ఉల్లిపాయలు, మిరియాలు వేసి. అంచులు కరకరలాడుతూ, లోపల మెత్తగా. పొయ్యి దగ్గర నిలబడే మూకుడంతా నాకేశాను. మళ్ళీ చెయ్యమంటే నవ్వి ఊరుకుంటుంది" అంది.

గ్రాముగారు తిన్నగా వంటింట్లోకి వెళ్ళారు. "ఏంటది? ఎప్పుడు చేశావు?"

భార్య గిన్నెలు సర్దుతూ, "మీరు పారెయ్యమన్న ముద్దేనండీ" అంది. "బంగారం లాంటి పిండి, పారబోయడానికి చేతులు రాలేదు. చిన్నచిన్న ముక్కలు కోసి వేయించాను. మళ్ళీ చెయ్యమంటే నేనేం చేసేది? మీరు మళ్ళీ అంత చండాలంగా చెయ్యలేదుగా!"

ఆ మాటతో గ్రాముగారి ప్రాణం లేచొచ్చింది. దారి ఇంకా మూసుకుపోలేదు. ఒకసారి చెడగొట్టిందాన్ని ఇంకోసారి చెడగొట్టాలి, అంతేగా. అదెంత పని?

అదెంత పనో సోమవారమే తెలిసింది. మంచి చెయ్యడానికి కాగితం నిండా కొలతలున్నాయి. చెడ్డ చెయ్యడానికి ఒక్క అక్షరం లేదు. తొందర తొందరగా పిసికారు, నార చక్కగా వచ్చింది. మంగళవారం తాడులా మెలిపెట్టకుండా వదిలేశారు. చేతులు ఊరుకుంటేగా! మాట్లాడుతూ ఉండగానే వేళ్ళు వాటంతటవే లాగి మడిచేశాయి. బుధవారం రొట్టెలాయన పక్కన నిలబడి, "ఇంకా పాడుచెయ్యవయ్యా, ఇంకా!" అని ఉసిగొల్పాడు. సాయంత్రం భార్య ఒక ముక్క వేయించి నోట్లో వేసుకుని పెదవి విరిచింది.

"ఇది బాగుంది."

"అయితే?"

"అయితే పనికిరాదు."

గ్రాముగారికి తల ప్రాణం తోకకొచ్చింది. ఒకటో తారీకు శుక్రవారం. మిగిలింది గురువారం ఒక్కటే. ఆ ఉదయం ఆయన ఏడవలేక నవ్వుతూ కూర్చుంటే భార్య కాఫీ ఇచ్చి పక్కన కూర్చుంది.

"ఆ మొదటి రోజు మీరు చేతి కట్టు విప్పించుకొచ్చిన రోజు కదండీ? భుజం పట్టుకుని మూలుగుతూ వచ్చారు. నూనె వెచ్చచేసి నేనే రాశాను."

కాఫీ గ్లాసు గ్రాముగారి చేతిలో ఆగింది. ఔను, ఆ రోజు భుజం. మూడో నీళ్ళకే కలుక్కుమంది. ఇక పిసకలేక కుడిచెయ్యి వదిలేసి, ఎడమచేత్తో ఎలాగోలా నొక్కి ముద్ద చేసి ఉడికించేశారు. బేసిన్లో నీళ్ళు అప్పటికి ఇంకా చిక్కటి పాలలాగే ఉన్నాయి. పోవాల్సిన తెల్లదనమంతా సగానికి సగం ముద్దలోనే ఉండిపోయింది. మూకుట్లో అంచులు కరకరలాడడానికి కారణం అదే.

ఆ మధ్యాహ్నం రొట్టెలాయన వెనకగదిలో గ్రాముగారు కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో పిండి కడిగారు. ఒక నీళ్ళు. రెండు. మూడు. ఏ పనీ సగంలో వదలని మనిషికి అక్కడ ఆగడం ఎంత కష్టమో చెప్పలేం. కుడిచెయ్యి రెండుసార్లు బేసిన్ వైపు వెళ్ళింది. రెండుసార్లూ వెనక్కి తీసుకున్నారు. ఆ వెనక్కి తీసుకోవడంలోనే ఆయనకు ఒక సంగతి తట్టింది. ఆ రోజు నొప్పెడితే పని ఆపేసి ఇంటికి వెళ్ళి పడుకోగలిగారు. ఎందుకు పడుకోగలిగారు? పక్క కొట్లో ఒకరు నిలబడి ఉన్నారు కాబట్టి. కడుపు తిప్పినా, కాళ్ళు లాగినా, సగంలో ఆపకుండా సాయంత్రం దాకా నిలబడి ఉన్నారు కాబట్టి. ఆయన కళ్ళు చెమర్చాయి. రొట్టెలాయన చూసి, పిండి నలక పడిందా అని అడిగాడు. ఔనన్నారు.

ముద్ద చండాలంగా వచ్చింది. ఒకచోట గట్టిగా, ఒకచోట మెత్తగా, చింపిరి గుడ్డలా. గ్రాముగారు దాన్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లో పట్టుకుని ఇంటికి తెచ్చారు.

కొడుకు బస్సు మీద వెళ్ళాడు. ఇంట్లో ఉన్నది ముగ్గురే. కోడలు ఆఖరిసారిగా మొద్దు కడిగి, కొట్టు తాళం వేసి వచ్చి, స్నానం చేసి వంటింటి గుమ్మంలోకి వచ్చేసరికి మూకుట్లో ముక్కలు చిటపటమంటున్నాయి. ఉల్లిపాయల వాసన, మిరియాల ఘాటు. "అత్తయ్యా, ఇదే కదూ! ఇదే!" అంటూ కాలుతున్న ముక్క ఒకటి చేత్తోనే తీసుకుని నోట్లో వేసుకుంది. గ్రాముగారు తలుపు పక్కన నిలబడి చూస్తున్నారు. కరకర శబ్దం వినబడ్డాక గాని ఆయన ఊపిరి వదల్లేదు.

ఆ పూట ఇంట్లో మాంసం వండలేదు. అయినా కోడలు అలవాటు కొద్దీ పళ్ళెం తీసుకుని వెళ్ళి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంది. గ్రాముగారు మూకుడు పట్టుకుని అక్కడికే వెళ్ళారు. గరిటెతో నిండుగా వడ్డించారు. ఇంకో ముక్క, అన్నిటికంటే బాగా ఎర్రగా వేగిన ముక్క ఏరి, పైన పెట్టారు.

"ఇదేంటి మామయ్యా, మళ్ళీ?"

"కొసరమ్మా."

కోడలు పళ్ళెంలోకి చూసింది. "కొసరు కొన్నవాళ్ళకి కదా మామయ్యా? మొదటి రోజే మీరు చెప్పారు. ఇంట్లోవాళ్ళకి కూడా తూచే ఇస్తారా?"

ఆట పట్టించడానికే అంది. కానీ గ్రాముగారు గరిటె పట్టుకుని అక్కడే నిలబడిపోయారు. నలభై ఏళ్ళుగా ఆయన ఏ ముక్క వెనకాల దాక్కుంటూ వచ్చారో ఆ ముక్క ఈ పిల్ల దగ్గర పనికిరాలేదు. దగ్గు రాబోయింది, మింగేశారు. చెయ్యి మెడ మీదికి వెళ్ళబోయింది, గరిటె అడ్డొచ్చింది.

"నాకు తూచడం తప్ప ఇంకేం చేతకాదమ్మా" అన్నారు. "ఒకరోజు కొట్టు దాకా వచ్చాను. నువ్వు గోడకి తల ఆనించి ఊపిరి పీల్చుకుంటున్నావు. బేరం రాగానే ఇటు తిరిగి నవ్వావు. లోపలికి రావడానికి నాకు మొహం చెల్లలేదు. అప్పట్నుంచీ చెబుదామనే చూస్తున్నాను. నీకు కడుపు తిప్పే చోట మూడు నెలలు నాకోసం నిలబడ్డావు. ఇవాళ నా కొట్టు తెరిచి ఉందంటే నీ వల్లేనమ్మా. నీ మేలు నేను బతికున్నంతకాలం మరిచిపోను."

పొయ్యి దగ్గర భార్య పైటచెంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, "నలభై ఏళ్ళ కాపురంలో ఈయన నోట ఇంత పొడుగు మాట నేను వినలేదే అమ్మాయ్" అంది.

కోడలికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. చున్నీతో మొహం తుడుచుకుంది. ఆ తర్వాత లేచి, పళ్ళెం ఒక చేత్తో, కుర్చీ ఒక చేత్తో పట్టుకుని, బరబరా లాక్కుంటూ వచ్చి బల్ల దగ్గర వేసుకుంది. మామగారి కుర్చీకి ఆనుకునే వేసుకుంది.

"అంత దూరం కూర్చుంటే వడ్డించడానికి మీకు మళ్ళీ భుజం నొప్పెడుతుంది" అని పళ్ళెం ఆయన ముందుకు జరిపింది. "వెయ్యండి మామయ్యా, ఇంకా ఆకలిగా ఉంది."

గ్రాముగారు వడ్డించడం మొదలుపెట్టారు. అరకిలో అంటే అరకిలో దగ్గర ఆగే ఆ చెయ్యి, కోడలు చాలు చాలని రెండుసార్లు అన్నా ఆగలేదు.